అన్నయ్య చెయ్యి

జగ్గయ్యపేట, మంగళవారం

నందిగామలో బావగారికి నమస్కారాలు. కంగారు పడకండి, మీ తమ్ముడు లేచి కుర్చీలో కూర్చుంటున్నారు. ఫోన్లో చెబితే ఆయన వింటారని కార్డు రాస్తున్నా. పక్షవాతంతో పడిపోయిన ఆ ఎడమ చెయ్యి తనది కాదంటున్నారు. "అన్నయ్యది. నా పక్కలో పెట్టి వెళ్ళాడు" అంటారు. కంచంలో ఎడమవైపు అన్నం ముట్టరు, అది మీకట. ఈ జబ్బులో ఇలా ఉంటుంది, మెల్లగా తగ్గుతుందన్నారు డాక్టరు గారు.

ఆదివారం పొద్దున ఆ చేతికి వేణ్ణీళ్ళ కాపడం పెడుతూ "కాలుతోందా అండీ?" అన్నా. "నాకేం తెలుసు, అన్నయ్యని అడుగు" అన్నారు. నవ్వి, అలాగే కాపడం పెట్టా. స్పర్శ లేని చేతికి వేడి పెట్టకూడదట, నాకు తెలీదు. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. అది చూసి "పాపం, అన్నయ్యకి కాలింది" అని ఏడ్చారు.

పక్క మీద వెయ్యడానికి మెత్తటి పాత పంచెలు నాలుగు పంపించండి. అక్కయ్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నిఖితకి నా ఆశీస్సులు.

బావగారూ, ఈ పొద్దున కట్టు విప్పితే బొబ్బ లేదు. మచ్చైనా లేదు. ఒక్కసారి మీ ఎడమ మణికట్టు చూసుకుని, ఏమీ లేదని రాయండి.

మీ మరదలు,
ఆండాళు