పొట్లం నాన్న గదిలో విప్పొద్దు

తమ్ముడూ,

డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది, వెళ్తున్నా. నీకు ఇప్పుడే కన్నంటుకుంది, లేపబుద్ధి కాలేదు.

చిట్టికి ఇంకా విరేచనాలు తగ్గలేదు. యాంటీబయాటిక్ చెడ్డ క్రిములతోపాటు పొట్టలోని మంచివాటినీ తుడిచిపెట్టింది. అందుకే డాక్టరుగారు ఈస్ట్ పొడి రాశారు, అందులో ఉన్నదీ ప్రాణమున్న క్రిమే, కానీ దాన్ని ఆ మందు చంపలేదు. పొద్దున ఒక పొట్లం, సాయంత్రం ఒకటి చల్లటి నీళ్లలో కలిపి పట్టు. ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగిస్తూ ఉండు. పిల్ల మగతగా పడుకుంటే వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

పొట్లం మాత్రం వంటింట్లోనే విప్పు, ఆ పొడి గాల్లోకి లేస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కోకుండా నాన్న మెడ దగ్గరి గొట్టం ముట్టుకోకు, అది నేరుగా రక్తంలోకి మందు ఎక్కించేది. అక్కకి చాదస్తమని నవ్వకు.

నేను నర్సుగా చేరిన కొత్తలో మా వార్డులో ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. ఆయనకీ మెడలో ఇలాంటి గొట్టమే. పక్క మంచం ముసలమ్మకి ఈ పొడే కలిపి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, ఆయన గొట్టం సర్దాను. "నీ చేతి చలవ తల్లీ, నొప్పే తెలీలేదు" అన్నాడు. నాలుగో రోజుకి ఆయన రక్తంలో ఆ ఈస్టే కనబడింది. వారం తిరక్కుండా పోయాడు. నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. ఏ గొట్టం ముట్టుకున్నా ఆయనన్న ఆ చేతి చలవ మాటే చెవిలో పడుతుంది.

అక్క

చదివాక చించెయ్. "ఆస్పత్రి వద్దు, నా కూతురి చేతుల్లోనే ఉంటా" అని పట్టుబట్టి ఇంటికొచ్చాడు నాన్న. ఆయనకి చెప్పకు.