అడ్డదారి నేర్చిన మోరా

విల్లార్ దె లా ఎరా,
1997 ఆగస్టు 19

ప్రియమైన అన్నయ్య ఎలాదియోకి,

నీ చెల్లెలు కసీల్దా ముద్దులతో రాస్తున్నది. అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నాన్న ఎప్పటిలాగే ఉన్నాడు. సముద్రం అవతల ఆ పటాలంలో నువ్వు వేళకి తింటున్నావనీ, ఎండదెబ్బ తగలకుండా చూసుకుంటున్నావనీ అనుకుంటున్నాం.

నీ ఉత్తరంలో అమ్మ గురించి ఒక వాక్యం, నా చదువు గురించి అర వాక్యం, మిగతా అంతా నీ వేటకుక్క మోరా గురించే. అమ్మకి చదివి వినిపిస్తే, "వీణ్ణి కన్నది నేనా, ఆ కుక్కా?" అని నవ్వి, వెల్లుల్లి వలుచుకుంటూ మళ్ళీ చదవమంది.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. అరికాళ్ళు గట్టిపడ్డాయి. కంకర దారి మీద నడిపించి వచ్చాక ఉప్పునీళ్ళతో కడిగి పందికొవ్వు రాస్తున్నాను. ఎండుగడ్డి ముళ్ళు చెవుల్లోకీ వేళ్ళ సందుల్లోకీ దిగుతాయన్నావు కదా, రోజూ సాయంత్రం దీపం దగ్గర కూర్చుని వెతికి తీస్తున్నాను. అది చూసి నాన్న, "సలమాంకాలో మూడేళ్ళు లాటిన్ వెలగబెట్టి వచ్చింది మహారాణి, కుక్క కాళ్ళు పట్టడానికి!" అంటాడు. దోమలకి భయపడి పొద్దు వాలాక ఏటివైపు పోనివ్వడం లేదు. బ్రెడ్డు ఎముకల రసంలో నానబెట్టి పెడుతున్నాను, అది కూడా పరుగు అయ్యి రొప్పు తగ్గాకే. సూర్యుడు పైకి రాకముందే వ్యాను పక్కన కట్టి, నువ్వు చూపించినంత నెమ్మదిగా తోలుతూ పరుగెత్తిస్తే, తొడ కండరాలు తాడు పేనినట్టు తయారయ్యాయి.

ఇదంతా జూలై మొదటివరకూ నేను చేసిన పని. ఆ తరువాత నాన్న, "సెప్టెంబరులో నీకు పరీక్ష ఉందిగా, పుస్తకాలు చూసుకో. పొద్దున్నే నేను తిప్పుతాలే" అన్నాడు. నేను సంతోషించాను అన్నయ్యా. ఆయన నా చదువు సంగతి తనంతట తాను తలచుకోవడం అదే మొదటిసారి.

కానీ మోరా పక్కల నిండా గడ్డి ముళ్ళతో రాసాగింది. వ్యాను వెళ్ళే కంకర దారిలో గడ్డెక్కడిది? ఒకరోజు దాని మూతికి నెత్తురూ, బూడిదరంగు బొచ్చూ అంటుకుని ఉన్నాయి. మర్నాడు సైకిల్ మీద దూరం నుంచి వెంబడించాను.

నాన్న దాన్ని గోధుమ కొయ్యకాళ్ళలో ఒంటరిగా వదిలాడు. కుందేలు లేచింది. నీ మోరా దాని వెనకే పోతుందనుకున్నాను. పోలేదు. కుందేలు గోడలో సందు వైపు తిరుగుతుందని ముందే కనిపెట్టి, దాన్ని వదిలేసి, తిన్నగా ఆ సందు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కుందేలు వచ్చి దాని నోట్లోనే పడింది. నాన్న టోపీ తీసి తొడమీద కొట్టుకుంటూ నవ్వుతున్నాడు.

నువ్వు చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు, 'వేటకాలం కానప్పుడు ఒంటరిగా కుందేలు మీదికి వదలొద్దు, దానికి ఆలోచన వస్తుంది' అంటే. కుందేలు తిరిగిన ప్రతి మలుపూ తిరిగే కుక్క మర్యాదస్తురాలు, అడ్డదారిన పోయేది మురికిది. మురికి కుక్క యజమాని బారులో తలెత్తుకోలేడు. వేటకాలం ముగిశాక ఫిబ్రవరిలో అలాంటివాటిని పైన్ తోపుకి తీసుకెళ్ళి ఏం చేస్తారో మనిద్దరికీ తెలుసు.

"నాన్నా! అది అన్నయ్య కుక్క!" అని అరిచాను.

"తెలుసే. చదువు చెబుతున్నా. చదువు నీ ఒక్కదానికేనా?"

"మురికిదైపోతుంది!"

"అయిపోయింది. చూశావుగా ఎంత తెలివిగా నిలబడిందో!" దాని తల నిమిరాడు. "దీని తల్లిని ఉరేసి రమ్మని మీ అన్న చేతికిస్తే పైన్ తోపు దాకా పోయి, ముక్కు చీదుకుంటూ వెనక్కి తోలుకొచ్చాడు. ఊరంతా నవ్వింది. అక్టోబరులో వాణ్ణి రానీ. తన కుక్క, తన చెయ్యి. తాడు నేను కొనిపెట్టా."

అమ్మకి చెబితే పొయ్యి వైపు తిరిగి, "మీ నాన్నకి వాళ్ళ నాన్న కూడా అలాగే నేర్పాడే" అంది.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. మోరా ఇంట్లో లేదు. మెదీనాలో కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మకి అంతా చెప్పి అప్పగించాను. ఆమె దాన్ని ఉత్తరాదిన తన పిన్ని ఇంటికి పంపేసింది. ఏ ఊరో నేను అడగలేదు, తెలిస్తే నా నోటి నుంచి లాగుతారని. మెడపట్టీ తెంచుకుని పారిపోయిందని ఇంట్లో చెప్పాను.

నాన్న అరవలేదు. సూపు చివరికంటా తాగి, గిన్నె బ్రెడ్డుతో తుడుచుకు తిన్నాడు. పొద్దున్నే తాడు భుజాన వేసుకుని వాకిట్లోకి వెళ్ళాడు. అక్కడ పడుకునేది ముసలి తోర్దో అని నీకు తెలుసు. అది నాన్న సొంత కుక్క. బతుకంతా ఒక్క మలుపు కూడా తప్పని కుక్క.

"తోర్దో ఏం చేసింది నాన్నా?"

"ఏం చెయ్యలేదు. తాడు కొన్నాక ఊరికే పడేస్తానా? నువ్వూ రా. పారిపోయినదాని బదులు ఇది."

వెళ్ళాను. వెళ్ళకపోతే నయమనిపిస్తుందేమో నీకు, నాకు మాత్రం దాన్ని ఒంటరిగా పంపడం చేతకాలేదు. తోపులో ఆయన కొమ్మల వంక చూసి, "ఎత్తుగానా, కిందకా? నువ్వే చెప్పు, చదువుకున్నదానివి" అన్నాడు. కిందకి కడితే వెనక కాళ్ళ వేళ్ళు నేలకి అందుతూ, ప్రాణం పోవడానికి సాయంత్రం దాకా పడుతుంది. మురికివాటికి అలా చేస్తారు.

"ఎత్తుగా" అన్నాను.

"అయితే ఎత్తి పట్టుకో."

పట్టుకున్నాను, అన్నయ్యా. తోర్దో వేటకి గొలుసు వేస్తున్నామనుకుని, తనే తలెత్తి మెడ చాచింది.

ఈ సంగతి ఎవరి నోటనో విని నువ్వు నాన్నని ఒక్కణ్ణే తిట్టుకోకూడదని రాస్తున్నాను. దాని బరువు మోసినవి నా చేతులు.

ఇంటికొచ్చాక నాన్న వ్యాను తాళాలు నా ముందు పడేసి, "ఇక మిగిలిన కుక్కల్ని నువ్వే తిప్పు. పాపం, వాటిమీద నీకు ప్రేమ కదా" అన్నాడు. తిప్పుతున్నాను. తెల్లవారకముందే, కంకర దారి మీద, తిన్నగా. దారి పక్కన గడ్డి కదిలితే హారన్ కొట్టి కుందేళ్ళని ముందే తోలేస్తున్నాను. అన్నీ బలంగా ఉన్నాయి. ఏ ఒక్కదానికీ తెలివి రాకుండా చూసుకుంటున్నాను.

ఇట్లు,
నీ రాకకి భయపడుతూనే ఎదురుచూసే చెల్లెలు,
కసీల్దా