సోమవారానికో అంకె

జూన్ 3, సోమవారం

ఫిజియోథెరపీ మూడో సంవత్సరం ప్రాజెక్టుకి పేషెంటు దొరికారు. వాచీలు బాగుచేసే తాతగారు. ఆరేళ్ళ పాత మెడనొప్పి. ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు; తలుపు తెరుచుకున్నట్టు మనిషంతా తిరుగుతారు. (ఈ పోలిక నాదే. రాసి రెండుసార్లు చదువుకున్నాను.)

వెంట వచ్చిన కూతురు, జూలై ఆఖరు దాకా చూస్తాం, తగ్గకపోతే షాపు మూసేస్తాం అంది. నలభై ఏళ్ళ షాపు. తాతగారు తన చేతివేళ్ళు చూసుకున్నారు.

సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని అడిగాను. ఎనిమిది. వెంటనే, ఈ అంకె తగ్గితే నీకు మార్కులు పడతాయా డాక్టరమ్మా అని అడిగారు. అవునన్నాను. నిజమే కదా.

జూన్ 10

ఏడు!

గడ్డం లోపలికి లాక్కోవడం, భుజాలు వెనక్కి తేవడం, అరచేత్తో నుదుటిని నెట్టడం. మూడూ శ్రద్ధగా చేస్తున్నారట. నిటారుగా కూర్చోండి అని ఎన్నిసార్లు చెప్పానో. నిటారు. పలికితేనే వెన్ను లేచి నిలబడే మాట.

జూన్ 17

ఆరు.

జూన్ 24

ఐదు. గైడ్ మేడంకి గ్రాఫు చూపించాను. నొప్పి ఇలా మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగదమ్మా, ఒకసారి షాపుకెళ్ళి చూసిరా అన్నారు. నా గ్రాఫు చూసి ఓర్వలేకపోతున్నారనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

జూన్ 27, మధ్యాహ్నం 3

చెప్పకుండా వెళ్ళాను. షాపంటే ఒక్క గది. గోడ నిండా గడియారాలు, ఒకదాని టైముకీ ఇంకోదానికీ పొంతన లేదు. తాతగారు కంటికి భూతద్దం బిగించుకుని, వీపు కర్రలా నిలబెట్టి కూర్చున్నారు. బల్ల మోకాళ్ళ ఎత్తున ఉంది. వీపు వంచితే నా మాట తప్పినట్టవుతుందని, మెడ ఒక్కటే కిందికి విరిచి వాచీలోకి చూస్తున్నారు. నా నిటారు మీద తన పాత వంగుడు తెచ్చి పెట్టుకున్నారు.

పట్టకారు పట్టు తప్పింది. చిన్న మరమేకు ఒకటి కింద పడింది. వెతకడానికి వంగలేక కూతుర్ని పిలిచారు.

ఆ అక్క నేలమీద తడుముతూ మొదలుపెట్టింది. నెల నుంచీ ఇదే వరస, నీ డాక్టరమ్మ చెప్పినట్టు కూర్చుంటే పని సాగదు, పని చేస్తే నొప్పి ఆగదు, ఆ పిల్లకి ఐదని ఏ మొహం పెట్టుకుని చెప్పావు నాన్నా అంది. తలెత్తి నన్ను చూసి నాలుక కరుచుకుంది.

తాతగారు మనిషంతా తిరిగి, దొరికిపోయినట్టు నవ్వారు. పొద్దస్తమానం పుస్తకం పట్టుకుని తిరుగుతున్నావు, నా మెడ వల్ల నువ్వు ఫెయిలవ్వాలా, వారానికొకటి తగ్గించి చెబితే నా సొమ్మేం పోయింది అన్నారు. నిజంగా ఎంత అని అడిగాను. తొమ్మిది.

డాక్టరుకి మార్కులు, నీ షాపుకి తాళంకప్ప, బావుంది బేరం అంది అక్క.

జూన్ 27, సాయంత్రం 6

గ్రాఫు ముందు కూర్చున్నాను. నోరు మూసుకుంటే జూలై ఇరవై తొమ్మిదికి సరిగ్గా సున్నా వస్తుంది. అదే వారం షాపు మూతపడుతుంది.

ఏడు, ఆరు, ఐదు. మూడూ కొట్టేశాను. తప్పుడు అంకెలే. అయినా నాకింత ప్రేమగా ఎవరూ ఏదీ ఇవ్వలేదు.

జూలై 1

మేడంకి చెప్పాను. తిట్టలేదు. మార్కుల సంగతి పేషెంటుకి ఎందుకు చెప్పావని మాత్రం అడిగారు. ప్రాజెక్టు మళ్ళీ మొదటి వారం నుంచి. గడువు దాటితే మార్కులు కోస్తారట. కోయనీ.

షాపులో బల్ల కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టాం. వాచీ ఛాతీ ఎత్తుకి వచ్చింది, మోచేతులు ఆనించుకునే చోటు దొరికింది. నిటారు అనే మాట ఈరోజు ఒక్కసారీ వాడలేదు. ఎలా కూర్చున్నా సరే, అరగంటకోసారి కదలండి అన్నాను.

స్కోరు తొమ్మిది.

జూలై 8

తొమ్మిదే. వ్యాయామాలు సగం మర్చిపోతున్నారు. అరగంట ఎప్పుడయిందో తెలియట్లేదట. అన్ని గడియారాల మధ్య కూర్చుని! అక్కా నేనూ పడీపడీ నవ్వాం. అవన్నీ రిపేరుకి వచ్చినవి, వాటినెవడు నమ్ముతాడు అని తాతగారు ఉడుక్కున్నారు. చివరికి ఎనిమిదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని గంటల గడియారం దింపి, తుడిచి, టైము సరిచేశారు. ఇక అది అరగంటకోసారి మోగినప్పుడల్లా గడ్డం లోపలికి, భుజాలు వెనక్కి, పది అంకెలు లెక్క.

జూలై 15

ఏడు. నమ్మలేదు. అక్కని పక్కకి పిలిచి అడిగాను. ఏడేనంది.

జూలై 22

ఎనిమిది. పెరిగింది. ఆదివారం ఒకే వాచీ మీద మూడు గంటలు కదలకుండా కూర్చున్నారట. గంట వినపడలేదా అంటే, వినపడింది గానీ చేతిలో పని అలాంటిది అన్నారు.

పెరిగినందుకు బాధపడాలి. ఇంటికి నడుస్తుంటే చూసుకున్నాను, నవ్వుతూ ఉన్నాను. ఆ ఎనిమిది నా కోసం చెప్పింది కాదు.

జూలై 29

షాపు గుమ్మంలో నిలబడి తాతగారూ అని పిలిచాను. ముందు మెడ తిరిగింది, కొంచెం. మిగతా మనిషి తర్వాత.

అంకె అడగడం మర్చిపోయాను. కౌంటర్లో అక్క ఎవరికో చీటీ రాసిస్తోంది. వాచీ ఆగస్టు పదికి రెడీ.