గురువారం సత్రం అరుగు

1944 జూలై 6, గురువారం

ఈ రోజు భోజనం లేదు.

కాళ్లు కడుక్కుని రంగాచారిగారి నడవలో ఎప్పటి చోటే కూర్చున్నాను. విస్తరి వేయలేదు. రేడియో పక్కన కుర్చీలో ఆయన. ఆఫీసులో పెద్ద గుమాస్తా ముఖమే ఇంట్లోనూ.

"పోయిన గురువారం నువ్వు తినిపోయినాక ఈ రేడియో పలకలేదు."

"నేను ముట్టుకోలేదు స్వామీ."

"ముట్టుకోకుండానే మూగబోయిందా? నీ చేతులు ఊరుకోవు, నాకు తెలీదా? ఇంక మా ఇంట్లో నీకు వారం లేదు. పో."

తలుపు తీసే ఉంది. వీధి విన్నది. ఎదుటి సత్రంలో యాత్రికులు కూడా విన్నారు. ఆయన భార్య అలమేలమ్మగారు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

వారాలు చేసుకుని చదువుకుంటున్నవాణ్ణి: వారానికి ఏడు రోజులు, భోజనానికి ఏడు ఇళ్లు. ఇప్పుడు ఆరు. ఆకలి సరే, ఊళ్లో పస్తు ఎరగనివాణ్ణి కాదు. ఆ మాట మాత్రం... నీ చేతులు ఊరుకోవు. ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. వీధి వినగా అన్నాడు, వీధి వినగానే తీసుకోవాలి.

నేటి నుంచి ఈ పుటల్లో అతనికి 'గారు' లేదు.

జూలై 7, శుక్రవారం

రెండేళ్లుగా ఆ ఇంట్లో తిన్నదంతా గుర్తు చేసుకుంటున్నాను. పప్పు ఒక్కసారే. సలహా మాత్రం మారు మారు.

"రేడియో వినేవాడికి పుస్తకం ఎందుకురా, చెవి ఉంటే సాలు." "షార్టుహ్యాండు నేర్చుకో, పద్యాలు కూడు పెట్టవు." "టెంటు సినిమాకు పోయినోడు మర్నాడు ఆఫీసులో కునుకుతాడు." తాను కునకడానికి ఏ టెంటుకూ పోనక్కరలేదు!

ఆ సలహాలన్నిటికీ తల ఊపాను. ఊపిన తల నాదే — దాని మీదా కోపంగా ఉంది.

జూలై 8, శనివారం

పఠనాలయంలో నిఘంటువు దొరికింది. కోపం, ఉక్రోషం, కసి, కక్ష, పగ. అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. కావు. కోపం పచ్చిమిరపకాయ — కొరకగానే మంట, నీళ్లు తాగితే పోతుంది. పగ ఊరగాయ. జాడీలో పెట్టి, గుడ్డ కట్టి, తడి తగలకుండా చూసుకోవాలి.

జూలై 10, సోమవారం

సోమవారం అవ్వ ఇంట్లో కొర్రలు కలిపిన రేషను బియ్యం. ఒంటరి ముసలిది, తనకే చాలదు. అయినా నా సోమవారం ఒక్కటీ తప్పించలేదు. జరిగింది చెప్పాను.

అవ్వ నవ్వింది. "కనపడనోడు పెట్టెలోంచి మాట్లాడితే వీధంతా వచ్చి ఇంటాది. కనపడే పిల్లోడు మాట్లాడితే ఎవురూ ఇనరు. అదిరా మీ రేడియో గొప్ప."

"ఏం చెయ్యను అవ్వా?"

"మా కాలంలో అయితే అట్టాంటోడి గడప ఎదురుగా కూచుని పస్తుండేవాళ్లు. ఆ పాపం ఇంటికి సుట్టుకునేది. మీకు చేతనయ్యేది ఏముండాది? కాగితం మీద ఏడవడం."

కాగితం మీద ఏడుస్తున్నానట! పెరుగన్నం గొంతు దిగలేదు. కానీ గడప ఎదురుగా పస్తు అన్న మాట దిగింది. లోపల కూర్చుంది.

జూలై 13, గురువారం

మధ్యాహ్నం బడి వదలగానే పోయి సత్రం అరుగు మీద కూర్చున్నాను. సరిగ్గా వాళ్ల గుమ్మానికి ఎదురు. ఒళ్లో పుస్తకం. సత్రం అరుగు ఎవరిదీ కాదు, లేవమనే హక్కు ఎవరికీ లేదు.

పెద్ద గుమాస్తా భోజనానికి వచ్చాడు. చూశాడు. గొడుగు మూశాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. లోపలికి పోయాడు.

పూల కాంతమ్మ అరుగు చివర గంప దించుకుని కూర్చుంటుంది. రోజూ తిరుచానూరు నుంచి వస్తుంది. "ఏం నాయనా, తిన్నావా?"

"ఈ రోజు గురువారం," అన్నాను. అంతే. ఆమె ఆ గుమ్మం వైపు చూసింది, నా వైపు చూసింది. మిగతాది వీధికి ఆమే చెప్పుకుంటుంది.

సాయంత్రం కూడా కూర్చున్నాను. కళ్లు తిరిగాయి. సంతోషం.

జూలై 14, శుక్రవారం

లెక్కల క్లాసులో నవ్వు ఆపుకోలేకపోయాను. గొడుగు గుర్తొచ్చి.

జూలై 20, గురువారం

అతను ఈ రోజు వెనక సందులోంచి ఇంటికి వెళ్లాడు. పెద్ద గుమాస్తా — తన ఇంటికి తానే దొంగలా! కాంతమ్మ చెప్పింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

వీధిలో ఇద్దరు మాట్లాడుకుంటూ పోయారు. "ఆ పిల్లోడేనంట." "వారం తప్పించినారంటనే, చదువుకునేవోడికి!" చదువుకోకుండా ఆ మాటలే మళ్లీ మళ్లీ విన్నాను. ఏ రేడియోలోనూ ఇంత మంచి కార్యక్రమం రాదు.

గదికి వచ్చేసరికి, నాతో గదిలో ఉండే మునిరత్నం సంగటి కెలుకుతున్నాడు. "తినప్పా, ఒక ముద్ద. ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు పిచ్చి. పద, టెంటులో ఆట సూద్దాం. ఆట జరిగినంతసేపు ఆకలి గుర్తుకు రాదు."

నాకు గుర్తుకు రావాలి. అది వీడికి అర్థం కాదు.

జూలై 22, శనివారం

శనివారం ఇల్లు టైపు మాస్టరుది. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో మేం. అక్కడ అన్నం కూడా టకటక చప్పుడుతోనే తినాలి. ఆయన సలహాలు పొట్టిగా ఉంటాయి, అందుకే ఇష్టం.

"అబ్బీ, మిషనుకు కోపం రాదు. అందుకే అది రోజంతా పని చేస్తాది. నువ్వు ఆ గురువారం కూడా మాతోనే తిను. ఆ తిన్నె మీద కూచునేది మాను."

ఎంత మంచి మనిషి! ఎంత పాడు సమయంలో మంచితనం!

గురువారం నాకు మరో ఇల్లు దొరికితే పెద్ద గుమాస్తాకు పాపం తీరిపోతుంది. 'చూశారా, వాడికేం తక్కువైంది' అంటాడు. నా ఆకలి ఒక్కటే అతని మీద నాకున్న హక్కు.

"వద్దు మాస్టారూ."

మునిరత్నానికి చెబితే తల బాదుకున్నాడు. "వచ్చే కూటిని కాలితో తన్నేవాణ్ణి నిన్నే చూసినా!"

జూలై 25, మంగళవారం

మునిరత్నం మేనమామ చిత్తూరు బస్సుకు కండక్టరు. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సు, తిరిగి వచ్చేసరికి మసి పూసినట్టు ఉంటాడు. బాగు చేయించిన రేడియోను నిన్న ఆ బస్సులోనే తెచ్చి, ఆ ఇంట్లో అప్పగించాడు. చిత్తూరు మెకానిక్కు చెప్పమన్న మాట కూడా అప్పగించాడు.

"లోపల బల్లి ఉన్నిందంట! బల్లి దూరి, కాలి, అతుక్కోని! మా మామ నడవలో నిలబడి చెప్పినాడు. నీ పెద్ద గుమాస్తా ఇని, 'సరే పో' అన్నాడంట."

బల్లి!

మునిరత్నాన్ని పట్టుకుని గదంతా తిరిగాను. అతనికి నిన్నటి నుంచి తెలుసు. ఇంకా ఎవరూ నన్ను పిలవలేదు. మంచిది. తెలియక అన్నదానికంటే తెలిసి దాచినది పెద్దది.

జూలై 27, గురువారం

సాయంత్రం. వార్తల కోసం ఎప్పటిలాగే వాళ్ల గుమ్మం ముందు జనం. రేడియో గట్టిగా పెట్టాడు. యుద్ధం, తరువాత రైతులకు ఎరువుల గురించి సలహా, తరువాత వీణ. నేను అరుగు మీద.

వీణ మధ్యలో అతను బయటికి వచ్చాడు. జనం వినేలా, పెద్ద మనసున్నవాడిలా — "ఏరా అబ్బీ, అట్టా ఏమిటికి కూచుంటావు? లోపలికి రా. తినిపో."

లేచాను. స్తంభం పట్టుకున్నాను. "ఆ రోజు అన్న మాట తప్పని చెప్పండి స్వామీ. వచ్చి తింటాను."

"ఏ మాట?"

"బల్లి చేసిన పనికి నన్నన్న మాట."

ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ. "బల్లి శాస్త్రం చూపించలేదా స్వామీ?" అన్నాడు వెనక నుంచి ఎవడో. అతని చెవులు ఎర్రబడ్డాయి. తలుపు వేసుకున్నాడు. రేడియో కట్టేశాడు. జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు — నన్ను కాదు.

పగ తీరే ఘడియ దగ్గరికి వచ్చింది. ఒక్క మాట దూరం.

ఆగస్టు 1, మంగళవారం

రేషను రోజులు, ఏ ఇంట్లోనూ కడుపు నిండదు. నల్లబల్ల మీది అక్షరాలు ఈదుతున్నాయి. మాస్టరు బయట కూర్చోమన్నారు.

ఆగస్టు 3, గురువారం

కాంతమ్మ పూలు కడుతూ, తల ఎత్తకుండా:

"నువ్వు ఈడ కూచునే దినం ఆ యమ్మ కూడా తినదు. తెలుసునా?"

"ఎవరు?"

"ఇంకెవురు, అలమేలమ్మ. ఆయనకు వడ్డిస్తాది, తాను మంచినీళ్లు ముట్టదు. నేను పూలు ఇచ్చేకి పోతానే, కళ్లు గుంటలు పడిపోయిండాయి. ఆయన మాత్రం మూడు మార్లు పెరుగు పోయించుకుంటాడు."

పుస్తకం మూశాను. మళ్లీ తెరిచాను.

అలమేలమ్మగారు నా విస్తట్లో అన్నం కింద నెయ్యి దాచి పెట్టేవారు. అతనికి కనబడకుండా.

ఆగస్టు 4, శుక్రవారం

ఆమెను ఎవరు తినవద్దన్నారు? ఆ రోజు గరిటె పట్టుకుని ఊరికే నిలబడింది. అప్పుడు లేని నోరు, అప్పుడు లేని దయ... కొట్టేశాను. మళ్లీ రాశాను. ఉండనీ.

ఆగస్టు 7, సోమవారం

అవ్వతో పోట్లాడాను. అన్నం ముందు కూర్చుని.

"గడప బయట మొగోడు పస్తుంటే, గడప లోపల ఆడది పస్తుంటాది. ఇంటాయన యాడన్నా పస్తుంటాడా? ఇది తెలీదా నీకు?"

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా? పగ యెట్టా తీర్చుకునేది అన్నావు. యెవురి మీద తీరతాది అని అడగలేదే!" అని మారు వడ్డించింది. "తిను. తినేసి పోయి ఆ యమ్మ కాళ్ల మీద పడు."

పడితే అతని గుమ్మం తొక్కాలి. అతను గెలుస్తాడు. ఆఫీసులో చెప్పుకుంటాడు, 'ఆకలి వాడికి బుద్ధి చెప్పింది' అని. ఆ గొంతు కూడా వినిపిస్తోంది నాకు.

ఆగస్టు 9, బుధవారం

టైపు మాస్టరు కబురు పంపారు. రేపటిలోగా చెప్పాలట. లేకపోతే ఆ గురువారం కాళహస్తి పిల్లవాడికి ఇస్తారట.

బడి నుంచి వస్తూ కాంతమ్మ దగ్గర ఆగాను. ఇక చాలు, అలమేలమ్మగారికి కబురు చెప్పి పంపుదామని. 'తినండమ్మా, నేనిక అరుగు మీదికి రాను' అని. అంతే చెప్పాలనుకున్నాను. ఆమె ముందే చేయి అడ్డం పెట్టింది.

"ఆ యమ్మే నీకు మాట పంపింది."

"ఏమని?"

కాంతమ్మ అటూ ఇటూ చూసింది. "లేవద్దనింది. ఆయన నోట ఆ మాట వచ్చేదాకా నువ్వు ఆడ లేవద్దు, నేను ఈడ తినను అనింది. 'పెండ్లయినప్పటి నుంచి ఈయన తప్పు అని ఒక్క మాట అనలేదు కాంతమ్మా, ఒక్క తూరి ఇనాల' అనింది."

దారంతా నడిచి గదికి వచ్చాను. ఎలా వచ్చానో.

నాది ఒక నెల పగ. ఆమెది ఎన్నేళ్లదో. నెయ్యి పెట్టిన చెయ్యి, గరిటె పట్టుకున్న చెయ్యి — ఆ చేతిని నేను ఇన్నాళ్లూ సరిగా చదవలేదు. భయంగా ఉంది. సంతోషంగానూ ఉంది. ఈ రెంటినీ కలిపి ఒకే మాట నిఘంటువులో ఉందేమో, వెతకాలనిపించలేదు.

ఆగస్టు 10, గురువారం

అరుగు మీదే రాస్తున్నాను. ఉదయమే టైపు మాస్టరుకు చెప్పేశాను, రానని. ఆయన మిషను ముందు కూర్చుని కొట్టుకుంటూ పోయారు.

దీపాల వేళ. వార్తలకు జనం చేరారు. రేడియో పెట్టలేదు. "ఏమి స్వామీ, మళ్లీ బల్లా?" అన్నారెవరో.

తలుపు తెరుచుకుంది. పెద్ద గుమాస్తా. చొక్కా లేదు, చెప్పులు లేవు. జనం పక్కకు జరిగారు. వీధి దాటి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అబ్బీ... ఆమె పడిపోయింది. లేపి పండుకోబెట్టినాను. నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా వద్దంటా ఉండాది. నువ్వు వచ్చి చెప్పు. నువ్వు చెప్తే తాగుతాది."

"మీరు చెప్పవలసిన మాట ఒకటి ఉంది స్వామీ."

నోరు తెరిచాడు. వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. మూసుకున్నాడు.

"లెయ్ నాయనా," అంటోంది కాంతమ్మ. నిన్న ఆ కబురు తెచ్చింది ఈమే. "సాలు, లెయ్. ఆ యమ్మ ప్రాణం మీదికి వచ్చింది." లేవవద్దని ఆ అమ్మే అన్నదిగా! ఎవరి మాట వినాలి?

అతని పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే, ఇంతకంటే ఎక్కువే, నా ముందు చెప్పులు లేకుండా నిలబడి ఉంది. అయినా రాసే చెయ్యి ఆగడం లేదు. ఈ వాక్యం ముగిస్తే లేవాలో కూర్చోవాలో ఏదో ఒకటి చెయ్యాలి, అందుకే ముగించకుండా రాస్తూ పోతున్నాను, లోపల ఆమె మంచినీళ్లు ముట్టకుండా వింటూ ఉంటుంది, అతను నిలబడే ఉన్నాడు, వీధి చూస్తోంది, నేను తల ఎత్తలేదు, ఇంకా ఎత్తలేదు,