ఖాళీగా వదిలిన గ్రీసు వేసవి

వెస్ట్‌మీడ్, 1999 అక్టోబరు, మంగళవారం

ఒక్క పేజీ చదవకుండానే సుధాకర్ వెబ్‌సైటుకు ముందుమాట రాస్తానన్నావు. పొగిడితే పడిపోయే మనిషివి నువ్వు, అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

వాడు పగలు బ్యాంకు కంప్యూటర్లలో ఏడాదిని రెండంకెల్లోనే రాసిన వై2కె తప్పులు వెతుకుతాడు, తీరిక దొరికితే రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ పర్వత దళాల చరిత్ర రాస్తాడు. ఈ సాయంత్రం వాళ్ళ ఫ్లాట్‌లో చూపించాడు. ఏ డివిజన్‌లో ఏ రెజిమెంట్లు, ఫిరంగులు విడదీసి కంచరగాడిదల మీద కొండలెక్కించిన ఫిరంగి దళాలు, టోపీ మీది ఎడెల్వైస్ అనే కొండపువ్వు గుర్తు, అన్నీ ఉన్నాయి, ముందుమాట దగ్గర నా పేరుతో సహా. ఆ దళాలు గ్రీసులో ఉన్న 1943 వేసవి ఎదుట గడి మాత్రం ఖాళీ.

"ఇదేంట్రా?"

"డేటా లేదన్నా."

"తేదీలో రెండంకెలు తగ్గితే నిద్రపోవు. మూడు నెలలు మాయమైతే కనబడలేదా?"

"జస్ట్ ఆర్గనైజేషన్ పేజీ అన్నా అది. నీకు బార్బీలో మాంసం కాల్చేటప్పుడు కూడా పాలిటిక్సే!"

నవ్వాడు గానీ నా వైపు చూడలేదు. అక్కడ ఆ దళాలు ఊళ్ళు తగలబెట్టాయి, పిల్లల్ని కూడా వదలలేదు. మా కింది ఫ్లాట్ మరియా ఆంటీ తండ్రి అలాంటి ఊళ్ళోనే పోయాడు. ఆ పేజీలో నా పేరు చూస్తే ఆమెకేం చెప్పను? నిజంగా తెలియదా వాడికి? వాడి షెల్ఫులోనే గ్రీసు యుద్ధం పుస్తకం ఉంది, చదివి చదివి అట్ట నలిగింది.

రేపు వాణ్ణి అడగవలసినవి:

ఆ గడి నింపాలి.
తగలబడ్డ ఊళ్ళ పేర్లు, ఆజ్ఞ ఇచ్చిన అధికారుల పేర్లు పక్కపక్కనే రాయాలి.
అంతవరకూ నా పేరు తీసెయ్యాలి.
కుదరదంటే, ఆ ఖాళీ గడిని వాడే వచ్చి మరియా ఆంటీకి చూపించాలి.