అంటించిన కీర్తనలు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

బాగానే ఉన్నాను, అంటే వేళకి తింటున్నాను. మీ బావ పోయిన దగ్గర్నుంచి ముట్టుకోని బైబిలు కీర్తనల పుస్తకం మొన్న తీస్తే అట్ట ఊడి చేతికొచ్చింది. నీ బైండింగు షాపుకి పంపుతున్నాను. ఇంకో మాట. అందులో కొన్ని కీర్తనలు తీస్తే ఏడుపు ఆగడం లేదు. ఆ పేజీలు ఒకదానికొకటి అంటించేయ్. చింపకు, అవి దేవుడి మాటలు.

ఇట్లు,
అక్క

తా.క. అవేవో నీకు విడిగా చెప్పాలా?

*

అక్కకు తమ్ముడు వందనాలతో రాసేది.

నల్ల అట్ట వేశాను. కన్నీళ్లూ మొరలూ ఉన్న కీర్తనలన్నీ వెతికి మరీ అంటించాను. ఇక స్తుతులే మిగిలాయి. నిశ్చింతగా చదువుకో.

నీ తమ్ముడు

తా.క. పుస్తకం సగం చెక్కలా బిగుసుకుపోయింది. ఈ కీర్తనలు రాసిన దావీదు ఇంత ఏడ్చాడని నాకు తెలియదు.

*

తమ్ముడికి. ఆశీస్సులు తర్వాత.

నీకు బుద్ధుందా? మొరలు చదివితే నాకు ధైర్యం వస్తుంది, నా గోడు నాకన్నా ముందే ఎవరో వెళ్లబోసుకున్నారని. ఏడిపించేవి స్తుతులు. మీ బావ రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ అవే పాడేవారు. రాగానిది ఒక దారి, ఆయనది ఒక దారి. పక్కింటాయన గోడ మీద దబదబా కొట్టేవాడు. ఇప్పుడు స్తుతించమంటే దేన్ని చూసి స్తుతించను? నా మొరలు నాకు కావాలి.

అక్క

తా.క. అట్ట మాత్రం బాగుంది.

*

అక్కకు వందనాలు.

తప్పయింది. ఏడ్చే కీర్తనలే ఏడిపిస్తాయనుకున్నాను. వాడింది పిండి జిగురే. గిన్నెలో నీళ్లు మరిగించి ఆవిరి పట్టు, ఊడొస్తాయి. లాగొద్దు.

నీ తమ్ముడు

తా.క. మా పెళ్లిలో బావ పాడిన పాట మా ఆవిడ మర్చిపోలేదు. నా మీద కోపమొస్తే అదే ఎత్తుకుంటుంది.

*

తమ్ముడికి అక్క ప్రేమతో.

నీళ్లు మరిగేలోగా ఊరికే కూర్చోలేక, అంటించని పేజీ ఒకటి తీశాను. స్తుతి కీర్తన. చదువుదామనుకుంటే గొంతులోంచి మీ బావ రాగం వచ్చింది. సరైనది నాకు తెలుసు, అయినా రాలేదు. ఆయన తప్పిన చోటల్లా తప్పుతూ చివరిదాకా పాడాను. కొండలూ సముద్రాలూ చూసి స్తుతించేవాళ్లు స్తుతించనీ. నాకు అంత దూరం పోనక్కర్లేదు. మొహం నిండా నురుగుతో పాడిన ఆ మనిషి చాలు. ఏడ్చాను, కానీ పాట ఆపలేదు. ఈలోగా నీళ్లన్నీ ఇగిరిపోయాయి. మొరలు నిదానంగా ఊడదీసుకుంటాను. నాకు రెండూ కావాలి.

అక్క

తా.క. పాట మధ్యలో పక్కింటాయన గోడ మీద కొట్టాడు, ఎప్పటిలాగే. తర్వాత తలుపు దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకుంటూ, "ఎన్నాళ్లకి విన్నానమ్మా. ఆయన పాడుతుంటే నేను తాళం వేసేవాణ్ణి" అన్నాడు. పాపం, ఆ తాళమూ తప్పే.