ఏనఖాన్ అవ్వ చేతులు

మార్గిలాన్, 1927 వసంతం

అమ్మకు రుఖియా సలాములు. ఇక్కడ అత్త, మామ, ఆయన, నేను, పసిది అందరం బాగున్నాం. ఓష్‌లో మీరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

బిడ్డకు పాలు చాలుతున్నాయా అని అడిగావు. చాలడమేమిటి, తాగి తాగి కక్కుతోంది! అచ్చం మీసాల్లేని మామయ్యేనని అందరూ నవ్వుతున్నారు.

పురుడు ఎవరు పోశారనీ అడిగావు. దానికి ముందు ఒక సంగతి వినాలి.

మన సాబిరా అక్క పురిటి జ్వరంతో పోయాక కూడా ఈ ఊళ్లో బాలింతలు జ్వరంతో పోతూనే ఉన్నారు. శరత్తులో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మంత్రసాని ఏనఖాన్ అవ్వను పిలిపించి, "ఆ జ్వరం మీ చేతుల మీదుగానే ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది" అంది. అవ్వ గయ్యిమంది. "సగం ఊరిని భూమ్మీదికి తెచ్చిన చేతులివి!" అంటూ విసవిసా వచ్చేసింది. కొన్నాళ్లు ఎవరికీ ముఖం చూపలేదు.

తరవాత ఏం చేసిందో తెలుసా? తాను పురుడు పోశాక బాలింత పోయిన ప్రతి ఇంటికీ వెళ్లింది. అక్క అత్తవారింటికి అవ్వ వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మీ కోడలికి జ్వరం తెచ్చింది నా చేతులే. నాకు తెలియదు. తెలియకపోయినా తెచ్చింది నేనే" అంది.

అక్క అత్త చీపురు విసిరింది. "ఇప్పుడు చెప్తే మా పిల్ల లేచొస్తుందా?"

"రాదమ్మా. ఇంకొకరు పోకూడదని వచ్చాను. ఇకమీద ఎవరొచ్చినా, నేనొచ్చినా సరే, చేతులు కడుక్కోనిదే పురిటి గదిలోకి రానివ్వకండి."

మంచిపేరే జీవనాధారమైన మనిషి, తనంత తానే ఆ పేరు పోగొట్టుకుంది. చలికాలమంతా ఆమెను పిలిచిన వాళ్లు లేరు. డాక్టరమ్మ దగ్గర కూర్చుని పని మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. పెళ్లినాటి ఉంగరాల కింద మురికి నిలుస్తుందని, వేళ్లకు బిగిసిపోయిన వాటిని కంసాలి చేత కోయించేసింది.

అమ్మా, ఇక దాచను. నాకు పురుడు పోసింది ఆవిడే. ఆమె నీడ పడనివ్వనని నా చేత ఒట్టు పెట్టించుకున్నావు. అయినా నేనే కబురంపాను.

గుమ్మంలోనే ఆగి, "మీ అమ్మకు తెలుసా?" అంది.

"తెలీదు. లోపలికి రా అవ్వా, చచ్చిపోతున్నాను!"

"అరవడానికి ఊపిరుందిగా, ఆగు" అంటూ కాచిన నీళ్లతో మోచేతుల దాకా రుద్దుకుంది. అత్త ఎంత తొందరపెట్టినా, చర్మం ఎర్రబడే దాకా రుద్దుతూనే ఉంది.

నాకు జ్వరం రాలేదు. రోజూ వచ్చి నుదురు చూసేది. గండం గడిచిందని తేలాక నా పక్కన కూలబడి అక్క పేరు పట్టుకుని ఏడ్చింది.

నువ్వు రా అమ్మా, మనవరాలిని చూసుకో. ఆవిడను తిట్టాలనుంటే తిట్టు. నువ్వు రావచ్చని అవ్వతో చెబితే, "రానీ. నేను వెళ్లి చెప్పలేకపోయింది ఆ తల్లి ఒక్కతెకే" అంది.

ఇట్లు,
నీ మాట దాటిన నీ చిన్నకూతురు
రుఖియా